టెన్ హాగ్‌ని తీసేసిన వారంలో పెద్దోడికి చిన్నాయన ఉత్తరం

చిత్తూరు,
30 అక్టోబర్ 2024

చిరంజీవి పెద్దోడికి చిన్నాయన ఆశీర్వాదాలు.

మురుకుల డబ్బాలో ఉత్తరం ఏమిటా అనుకోకు. మన పక్కింటాయన రోజూ తిరుపతికి డ్యూటీకి వస్తాడు కదా, ఆయన చేతికిచ్చి పంపమని మీ చిన్నమ్మకు చెప్పాను. ఫోన్‌లో చెబితే "సరే చిన్నాయనా, సరే" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుకోవచ్చు.

రేపు దీపావళికి ఇంటికి రానన్నావని వదిన బాధపడింది. ఏమైందని అడిగితే, బైరాగిపట్టెడ గదిలో ముగ్గురూ మాట్లాడుకోవడం మానేశారని, మదనపల్లి అబ్బాయి పెట్టె సర్దుకొని వేరే గదికి పోయాడని చెప్పింది. దేనికంట గొడవ అంటే, "ఎవరో ఫుట్‌బాల్ సారును తీసేశారంట" అంది. ఆమెకది చిన్న విషయం. నాకు అలా అనిపించలేదు. ముప్పై రెండేళ్లు పిల్లల చేత బంతి ఆడించినవాణ్ణి. జట్టు మీద మనసు పెట్టుకున్నవాడికి అది ఓడిన రాత్రి అన్నం సయించదని నాకు తెలుసు. నువ్వు పదేళ్లప్పటి నుంచి మాంచెస్టర్ యునైటెడ్ ఎర్ర చొక్కా వేసుకొని తిరిగావు. నీ కోపాన్ని నేను తప్పు పట్టను.

మొన్న సోమవారం యునైటెడ్ కోచ్ టెన్ హాగ్‌ని తీసేశారు. నువ్వేమో పోర్చుగల్ స్పోర్టింగ్ క్లబ్ కోచ్ అమోరిమ్ రావాలంటావు. మదనపల్లి అబ్బాయి టెన్ హాగ్‌నే ఉంచాల్సింది అంటాడు. మూడోవాడు వాన్ నిస్టెల్‌రాయ్ మన పాత ఆటగాడే కదా, ఆయనకే ఇచ్చేయమంటాడు. నేను చెప్పేది ఒక్కటే. ఎవరు పోవాలి, ఎవరు రావాలి అనే మాట ఎత్తకముందు ఒక కాగితం తీసుకొని మధ్యలో నిలువుగా గీత గీయి. ఒక పక్క కోచ్ చేతిలో ఉన్నవి రాయి, ఇంకో పక్క ఆయన చేతిలో లేనివి రాయి. వాదన దాని తర్వాత.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. 1984లో అప్పుడు పనిచేస్తున్న బడి పిల్లల్ని జోనల్ మీట్‌కు చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌కు తీసుకొచ్చాను. నాలుగు గోల్స్ తిని, ఒక్కటీ కొట్టకుండా ఓడిపోయాం. వారం తిరక్కుండానే ఫుట్‌బాల్ బాధ్యత నా దగ్గర నుంచి తీసి ఇంకో సారుకు ఇచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. బడి గ్రౌండ్‌లో సగం కొత్త గదుల కోసం తెచ్చిన ఇటుకలే. ఉన్నది ఒకే బంతి, అదీ వానలో తడిస్తే రాయిలా బరువెక్కే తోలు బంతి. పదో తరగతి పిల్లల్ని ట్యూషన్ పేరుతో మధ్యలోనే ఆపేశారు. ఇవన్నీ పెట్టుకొని నన్నెలా తప్పు పడతారని ఏడాది పాటు కనిపించినవాళ్లందరితో అన్నాను.

ఆ ఏడాది తర్వాత అదే మీట్‌కు ప్రేక్షకుడిగా వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. మా జట్టులో అందరికంటే పొడుగు పిల్లాడు ఒకడుండేవాడు. పొడుగని వాణ్ణి నేను గోల్‌లో నిలబెట్టాను. బంతి నేలబారుగా వస్తే వాడు వంగేలోపు దాటిపోయేది. మేం తిన్న నాలుగింటిలో మూడు అలా పోయినవే. కొత్త సారు వాణ్ణి తెచ్చి బ్యాక్‌లో పెట్టాడు. గోల్‌లో ఒక పొట్టి పిల్లాణ్ణి నిలబెట్టాడు. వాడు కబడ్డీ ఆడేవాడు, మోకాళ్లు చీరుకుపోయినా నేల మీద పడటానికి వెనకాడడు. ఆ రోజు కూడా మా బడి ఓడింది, కానీ ఒక్క గోల్ తేడాతో. ఇటుకలు అక్కడే ఉన్నాయి, బంతీ ఒకటే.

ఆ రాత్రి ఇంటికొచ్చి మొదటిసారి కాగితం మీద గీత గీశాను. నా చేతిలో లేనివి ఏడో ఎనిమిదో వచ్చాయి. చేతిలో ఉన్న పక్క ఒక్కటే రాశాను: గోల్‌కీపర్. ఆ ఒక్కటి నేను చూసుకోలేదు. నన్ను తీసేయడం న్యాయమా కాదా అంటే ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. కానీ ఇటుకల గురించి నేనన్నదీ నిజమే, గోల్‌కీపర్ గురించి వాళ్లనాల్సిందీ నిజమే. ఎవరికి వాళ్లం ఒక్క పక్కే పట్టుకొని అరిచాం.

ఇప్పుడు మీ జట్టు సంగతి చూడు. మొన్న ఆదివారం వెస్ట్ హామ్ మ్యాచ్ నేనూ చూశాను. మొదటి సగంలో డాలో గోల్‌కీపర్‌ను కూడా దాటేసి, ఖాళీ గోల్ ముందు బంతిని పైకి కొట్టాడు. చివర్లో వీఏఆర్, అంటే వీడియో రీప్లే చూసి ఎదుటివాళ్లకు పెనాల్టీ ఇచ్చారు, మ్యాచ్ 2-1తో పోయింది. ఆ రెండూ టెన్ హాగ్ చేతిలో లేనివి. మదనపల్లి అబ్బాయి వాటినే పట్టుకొని ఉంటాడు. కానీ తొమ్మిది లీగ్ మ్యాచ్‌ల్లో కొట్టినవి ఎనిమిదే గోల్స్. పదకొండు పాయింట్లు, పద్నాలుగో స్థానం. అన్నిటికంటే, ముందువరస ప్రెస్ చేయడానికి, అంటే ఎదుటివాళ్ల మీదికెళ్లి బంతి లాక్కోవడానికి పైకి పోతుంది, వెనకవరస కిందే ఉండిపోతుంది, మధ్యలో అంత ఖాళీ. ఎదుటి జట్టు ఒక్క పాస్‌తో ఆ ఖాళీలోకి వచ్చేస్తుంది. కిందటి సీజన్‌లోనూ ఇదే చూశాం. అది రోజూ ప్రాక్టీస్‌లో సరిచేయాల్సిన పని, పూర్తిగా కోచ్ చేతిలో ఉన్నది. నా లెక్కలో ఆయన్ని తీసేయడానికి కారణం ఏదైనా ఉంటే ఆ ఖాళీయే, వెస్ట్ హామ్ పెనాల్టీ కాదు.

ఆటగాళ్ల కొనుగోలు గీతకు రెండు పక్కలా వస్తుంది. ఆంటోనీ, ఒనానా, మార్టినెజ్, డి లిఖ్ట్, మజ్రావీ అందరూ ఆయన పాత క్లబ్ అయాక్స్‌లో ఆడినవాళ్లే. ఆ మాట ఆయన ఖాతాలో రాయాల్సిందే. అయితే డబ్బు కట్టి సంతకాలు చేసింది క్లబ్ పెద్దలు. జూలైలో 2026 దాకా కాంట్రాక్టు పొడిగించి అక్టోబర్‌లో పంపించింది కూడా వాళ్లే. వాళ్లు ఇలా ఎందుకు చేశారని మీ ముగ్గురూ ఒక్కసారైనా అడిగారా? ఒక మేస్త్రీ పునాది వేస్తే ఇంకో మేస్త్రీ వచ్చి గోడలు పడగొట్టి కొత్త ప్లాను గీస్తున్నాడు. 2013లో పాత కోచ్ ఫెర్గూసన్ తప్పుకున్నప్పటి నుంచి ఆ ఇల్లు అలాగే ఉంది. మోయెస్, వాన్ గాల్, మొరీన్యో, సోల్‌షేర్, రాంగ్నిక్, టెన్ హాగ్, ఒక్కొక్కరిది ఒక్కో ప్లాను. ఆ మేస్త్రీలను పిలిచినవాళ్లెవరని మనం అడగం.

మన తెలుగునేల సంగతే ఒకటి చెబుతాను. హైదరాబాద్‌లో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడి) ట్రైనింగ్ అప్పుడు మా సార్లు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఎత్తితే చాలు, నిటారుగా కూర్చునేవాళ్లు. ఆయన బడిపంతులు, మన దేశం జట్టుకు కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. చాలామంది ఒట్టి కాళ్లతోనే ఆడారు. పది గోల్స్! ఈ కాలంలో అయితే విమానం దిగకముందే కోచ్‌ని మార్చేవాళ్లు. అప్పుడు మార్చింది కాళ్లను, ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో రహీం సాబ్ జట్టే మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి తీసి ముందువరసలో ఆడించాడాయన. ఫైనల్‌లో ఒక గోల్ జర్నైల్‌దే. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం. అప్పటికే ఆయనకు కాన్సర్, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. చెప్పేటప్పుడు మా సార్ల గొంతు పూడుకుపోయేది.

దీన్ని పట్టుకొని "ఓపిక పడితే అందరూ రహీం సాబులే" అని మదనపల్లి అబ్బాయి అనొచ్చు. ఫెర్గూసన్ పేరు కూడా తీస్తాడు. 1986 నవంబర్‌లో వచ్చినవాడికి మొదటి కప్పు 1990లో గానీ రాలేదు, మధ్యలో ఇక సెలవు తీసుకోమని అభిమానులే బ్యానర్ కట్టారు, తర్వాత పదమూడు లీగ్ టైటిళ్లు గెలిచాడు. నిజమే. కానీ ఓపిక పట్టినా ఏమీ కానివాళ్ల పేర్లు మనకు గుర్తుండవు, అందుకే ఫెర్గూసన్ ఒక్కడే కళ్లకు కడతాడు. ఏడాది తిరిగేసరికి ఏదో ఒకటి బాగుపడుతూ కనిపించాలి. అది కనిపిస్తేనే ఓపిక పట్టమని అడగవచ్చు.

మూడోవాడితో సోల్‌షేర్ సంగతి మాట్లాడు, ఆయనా మన పాత ఆటగాడే. 2018 డిసెంబర్‌లో తాత్కాలికంగా వచ్చాడు, వరసగా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచాడు, మార్చిలో పూర్తి ఉద్యోగం ఇచ్చేశారు. మూడేళ్లలో ఒక్క కప్పూ రాలేదు, 2021 నవంబర్‌లో పంపించారు. మనవాడు అనే ప్రేమ వేరు, జట్టును ఎలా ఆడిస్తాడనేది వేరు. ఈ రాత్రి ఒంటిగంటంబావుకు లెస్టర్‌తో మ్యాచ్‌లో తాత్కాలిక కోచ్‌గా వాన్ నిస్టెల్‌రాయ్ గెలిస్తే సంతోషించండి. ఒక్క గెలుపు చూసి ఉద్యోగం మాత్రం ఇచ్చేయకండి.

ఇక నీ వంతు. అమోరిమ్ కోసం పది మిలియన్ యూరోలు కట్టడానికి యునైటెడ్ సిద్ధంగా ఉందని నిన్న స్పోర్టింగ్ క్లబ్బే చెప్పింది కాబట్టి నీకు ఉత్సాహంగా ఉంటుంది. పంతొమ్మిదేళ్లు లీగ్ గెలవని క్లబ్‌ను 2021లో గెలిపించాడు, ఈ ఏడాది మళ్లీ గెలిపించాడు. బాగానే ఉంది. కానీ ఆయన వెనక ముగ్గురిని పెట్టి, రెండు పక్కలా వింగ్‌బ్యాక్‌లతో, అంటే దాడికీ కాపలాకీ గీత పొడవునా పరుగెత్తేవాళ్లతో ఆడిస్తాడు. ఎడమ పక్క పైకీ కిందికీ తొంభై నిమిషాలు పరుగెత్తేది ఎవరు? షా, మలాసియా ఇద్దరూ గాయాలతో కూర్చున్నారు. ఆటగాళ్ల కొనుగోళ్లకు మళ్లీ గడువు తెరిచే జనవరి దాకా ఎవరినీ కొనలేరు. రాష్‌ఫోర్డ్, గర్నాచో లాంటి వింగర్లు ఆ పద్ధతిలో ఎక్కడ నిలబడతారు? వీటికి జవాబు సిద్ధం చేసుకొని అమోరిమ్ పేరు చెప్పు, అప్పుడు నీ మాట నిలుస్తుంది. ఐదు నిమిషాల హైలైట్స్ చూసి కోచ్‌ని ఎంచుకోవద్దు నాయనా. మంగళవారం రాత్రి ఒకటిన్నరకు స్పోర్టింగ్ మాంచెస్టర్ సిటీతో ఆడుతుంది. అప్పటికి ఆయన అక్కడ ఉన్నా లేకపోయినా అది ఆయన తయారుచేసిన జట్టే. బంతిని వదిలేసి ఆ వింగ్‌బ్యాక్‌లను మాత్రమే చూడు, ఒక పావుగంట. బంతి పోయిన క్షణంలో వాళ్లు ఎక్కడున్నారో, ఎన్ని అడుగుల్లో వెనక్కి వచ్చారో లెక్కపెట్టు.

ఇంకొక మాట. ఇది చెప్పడానికే ముఖ్యంగా రాయాలనిపించింది. మీ చిన్నమ్మ నీ స్టేటస్ చూపించింది. టెన్ హాగ్ బట్టతల మీద, ఆయన మాట తీరు మీద రాశావు. అది తీసెయ్. ఆయన చేసిన జట్టును ఎంతైనా అను, ఆయన తలను అనకు. 1984లో ఆ మీట్ తర్వాత టీ కొట్టు దగ్గర ఒక పిల్లాడి తండ్రి నాకు వినపడేలా ఒక మాటన్నాడు. ఆట గురించి కాదు, నా గురించి. నలభై ఏళ్లయింది, ఆ టీ గ్లాసు ఎక్కడ పెట్టేసి వచ్చానో కూడా గుర్తుంది. ఇంగ్లండ్‌లో ఉన్నాయన నీ స్టేటస్ చూడడులే అంటావేమో. మదనపల్లి అబ్బాయి చూశాడు కదా. వాడికి ఆయనంటే అభిమానం. ఆ మాట వాడికే తగిలింది.

వాడికి ఫోన్ చేసినప్పుడు ముందు నీ వాదన తీయకు. వాడి మాటలో నువ్వు ఒప్పుకునేది ఒకటి చెప్పు. రెండేళ్లలో రెండు కప్పులు తెచ్చాడు కదా ఆయన, 2023లో లీగ్ కప్, ఈ మేలో సిటీని ఓడించి ఎఫ్ఏ కప్. ఫైనల్ రోజు మీ ముగ్గురూ గదిలో గంతులేసిన వీడియో నాకు పంపింది నువ్వే. అది గుర్తు చెయ్. "నేను అన్నదే జరిగింది చూడు" అనే మాట మాత్రం ఈ వారం నీ నోట రాకూడదు.

రేపు పొద్దున్నే బస్సెక్కి వచ్చేయి. వదిన నీ కోసం కొత్త చొక్కా తీసిపెట్టింది. ఆదివారం రాత్రి పదింటికి చెల్సీతో మ్యాచ్ ఉంది, మేడ మీద టీవీ పెడతాను. మదనపల్లి అబ్బాయినీ, మూడోవాణ్ణీ ఆ రోజు సాయంత్రానికి రమ్మను. మీ చిన్నమ్మ సంగటి, నాటుకోడి పులుసు చేస్తానంది. కాగితాలు, పెన్నులు నా దగ్గర ఉన్నాయి. హాఫ్‌టైమ్‌లో నలుగురం కూర్చొని గీత గీద్దాం. నేనూ నా కాగితం రాస్తాను, నా దాంట్లో తప్పుంటే మీరు కొట్టేయండి.

బస్సు పాకాల దాటగానే ఫోన్ చెయ్, స్టాండ్ దగ్గరికి బండి తీసుకొస్తాను.

ఇట్లు,
మీ చిన్నాయన