బుజ్జిగాడికి వయసొస్తోంది, చిన్నీ

చిన్నీ,

మీ కుందేలు బుజ్జిగాడికి ఆరేళ్లు నిండాయని, ఈమధ్య బాగా నెమ్మదించాడని రాశావు. ఆ మాట చదివి నా మనసు కలుక్కుమంది.

మా గౌరి కూడా ఏడో ఏట వంటింటి గడప దాటడం మానేసింది. పిలిస్తే గడప దాకా వచ్చి, ముందుకాళ్లు దానిమీద ఆనించి, కాసేపు నన్ను చూసి వెనక్కి వెళ్లిపోయేది. అల్లరి తగ్గింది, బుద్ధొచ్చిందని మురిసిపోయాను. నాలుగు నెలల తర్వాత ఎక్స్‌రే తీస్తే వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయని తెలిసింది. కుందేలు మూలగదమ్మా. నొప్పి బయటపడితే అడవిలో ఏ నక్కో పట్టేస్తుంది కాబట్టి, దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం.

అందుకే చేత్తో చూడు. ప్రతి ఆదివారం కాటా మీద కూర్చోబెట్టి బరువు రాసుకో. నిమిరినప్పుడు వెన్నెముక గులకరాళ్లలా తగిలితే కండ కరుగుతున్నట్టే. గడ్డం తడిగా ఉంటే పళ్లు చూపించు. వాటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, దవడ పళ్లు మొనదేలితే నాలుక కోసుకుపోతుంది. వెనక భాగం మురికిగా ఉందంటే ఒంగలేకపోతున్నాడేమో అనుకో. మెత్తగా వేసే పెంటికల్ని వాడు నోటితో అందుకుని తినాలి, వాటిలో బలం ఉంటుంది. వానాకాలంలో ఆ మురికి మీద ఈగ వాలితే ఒక్కరోజులో పురుగు పట్టేస్తుంది. రెండుపూటలా చూడు.

మీ ఇంట్లో నున్నటి టైల్స్ కదా, వాడు తిరిగేచోట బొంత పరుచు. వాడు పెంటికలు వేసే ట్రే అంచు ఒకవైపు కిందికి కోసెయ్. నీళ్లు సీసాలో కాక గిన్నెలో పెట్టు.

గడ్డి మాత్రం ఎప్పుడూ ముందుండాలి. పూటంతా తినకపోయినా, పెంటికలు ఆగినా తెల్లారేదాకా చూద్దామనుకోకు, కడుపు కదలిక ఆగిపోతే ప్రాణానికే ముప్పు. కుక్కల్ని చూసే డాక్టర్లందరికీ కుందేళ్ల వైద్యం తెలియదు. తెలిసినవాళ్లెవరో ఇప్పుడే కనుక్కుని నంబరు దాచుకో. ఇంట్లో ఉన్న మాత్రలు నువ్వు వెయ్యకు. మనం మామూలుగా మింగే అమాక్సిసిలిన్ నోట్లో వేసినా దాని పేగులు పాడై చచ్చిపోవచ్చు.

గౌరికి డాక్టరుగారు నొప్పి మందు రాసిచ్చారు. నేను గడపకి పాత చెక్క వాలుగా ఆనించి, కాలు జారకుండా మీద గోనెపట్టా కొట్టించాను. రెండో వారానికల్లా వంటింట్లోకి వచ్చి, కొత్తిమీర కాడ కోసం నా కాలివేలిని ముక్కుతో పొడిచింది. ఆ తర్వాత మూడేళ్లు నాతోనే ఉంది.

ఆదివారం బరువు చూసి ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ