వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేసే ముందు

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను, జంక్‌యార్డ్‌లో చెప్పిన ధర కూడా చూశాను. నీ 1999 ఫోర్డ్ రేంజర్ పికప్ కిందకి అదే ఫోర్డ్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ వెనక ఆక్సిల్ (చక్రాలు బిగించే ఇరుసు) తెచ్చి, డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు పెట్టుకోవాలన్న ఆలోచన పిచ్చిదేం కాదు. అమెరికాలో రేంజర్ నడిపేవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న పనే. డ్రమ్ములో షూలు గిన్నె లోపలి గోడకి ఒరుసుకుని ఆపుతాయి, డిస్కులో క్యాలిపర్ అనే పట్టకారు ప్యాడ్లని రోటర్ అనే పళ్లానికి రెండు వైపులా నొక్కి ఆపుతుంది. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మామయ్యా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఎందుకు చేస్తున్నావో తేల్చుకో. బండి తక్కువ దూరంలో ఆగాలని అయితే, ఈ డబ్బు ముందు చక్రాల మీద పెట్టు. బ్రేకు తొక్కగానే బరువంతా ముందుకు వాలుతుంది. పైగా పికప్ వెనక తొట్టి ఖాళీగా ఉంటే ఆ చక్రాల మీద ఉండే బరువే తక్కువ. అక్కడ ఎంత గొప్ప బ్రేకు పెట్టినా టైరుకి రోడ్డు మీద పట్టు ఉండాలిగా! మంచి ముందు ప్యాడ్లు, కొత్త టైర్లు ఇచ్చే తేడా వెనక డిస్కులు ఇవ్వవు. టయోటా వాళ్లు అమెరికాలో టకోమా పికప్‌కి 2023 మోడల్ దాకా వెనక డ్రమ్ములే పెట్టారు, 2024లోనే డిస్కులకి మారారు. వాళ్లకి తెలియక కాదు. డ్రమ్ము చవక, ఆపి ఉంచడానికి గట్టిది, మామూలు వాడకానికి సరిపోతుంది.

డిస్కుతో లాభం వేరే చోట ఉంది. నీళ్లలోంచి, బురదలోంచి వచ్చినా త్వరగా ఆరిపోతుంది. ట్రైలర్ లాగుతూ కొండ దిగేటప్పుడు వేడెక్కి పట్టు సడలడం తక్కువ. ప్యాడ్లు మార్చడం గంట పని, స్ప్రింగులతో కుస్తీ ఉండదు. పిట్స్‌బర్గ్‌లో చలికాలం అంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు నీళ్లు డ్రమ్ములో చేరి లోపలి సామాను తుప్పు పట్టిపోతుంది. ఈ కారణాలు నీకు చాలనుకుంటే మొదలుపెట్టు.

ఇంకో మాట. పెడల్ కిందకి పోతోందని నువ్వు చెప్పిన లక్షణం డ్రమ్ముల తప్పు కాకపోవచ్చు, అడ్జస్టర్ తప్పు కావచ్చు. బండి వెనక్కి నడుపుతూ బ్రేకు తొక్కినప్పుడు డ్రమ్ములోని అడ్జస్టర్ కొంచెం కొంచెం తిరిగి షూల అరుగుదలని సరిచేస్తుంది. అది తుప్పుతో పట్టేస్తే షూలు డ్రమ్ముకి దూరమవుతూ పోతాయి, పెడల్ లోతుకి దిగుతుంది. ఒక ఆదివారం డ్రమ్ములు విప్పి అడ్జస్టర్లు, వీల్ సిలిండర్లు (షూలని బయటకి నెట్టేవి) చూడు. షూల మీద నూనె కనబడితే ఆక్సిల్ సీల్ కారుతున్నట్టు. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడువు. ఇవన్నీ బాగు చేశాక కూడా నీకు డిస్కులే కావాలనిపిస్తే అప్పుడు ఆక్సిల్ సంగతి.

కావలసింది 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌ది. అంతకుముందు వాటికి వెనక డ్రమ్ములే. 2002లో వెనక సస్పెన్షన్ పూర్తిగా మారి ఒక్కో చక్రానికి విడి అమరిక వచ్చింది, అది మనకి పనికిరాదు. మెర్క్యురీ మౌంటెనీర్ 1997–2001 దీ అదే ఆక్సిల్, అడిగితే ఒక్కోసారి చవకగా దొరుకుతుంది. ఇందులో 8.8 అంగుళాల రింగ్ గేరు, 31 స్ప్లైన్ల (పళ్ల గాట్ల) షాఫ్టులు ఉంటాయి, చక్రాల బోల్టుల అమరిక నీ బండిదే, 5 బోల్టులు, 4.5 అంగుళాలు. కొనే ముందు ఆ ఎక్స్‌ప్లోరర్ డ్రైవర్ తలుపు స్టిక్కర్ మీద ఆక్సిల్ కోడ్ చూడు. డి4 అని ఉంటే 3.73 గేరు నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 చుట్లు), లిమిటెడ్ స్లిప్‌తో, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి బలం పోతుంది. నీ రేంజర్ నిష్పత్తి ఎంతో కూడా చూసుకో. రెండూ వేరైతే స్పీడోమీటర్ చూపించేది, ఇంజిన్ తిరిగే వేగం రెండూ లెక్క తప్పుతాయి. నీది ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ఇది మరీ ముఖ్యం. ముందూ వెనకా నిష్పత్తులు కలవకపోతే ఫోర్ వీల్‌లో వేసిన రోజున, రెండు ఆక్సిల్స్‌కీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బ తింటుంది.

అది నేరుగా బోల్టు బిగించి పెట్టే వస్తువు కాదని నీకు ఎవరైనా చెప్పారో లేదో. ఎక్స్‌ప్లోరర్‌లో కమాన్ కట్టలు ఆక్సిల్ కింద ఉంటాయి, రేంజర్‌లో ఆక్సిల్ పైన. అంటే స్ప్రింగు కూర్చునే పీటలు కోసేసి, కొత్తవి పైవైపు వెల్డింగ్ చేయాలి. దాని ట్యూబు లావు 3.25 అంగుళాలు, పీటలూ యూ బోల్టులూ ఆ కొలతకే కొనాలి. పాత యూ బోల్టులు తిరిగి వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగిపోతాయి. డిఫరెన్షియల్ (ఆక్సిల్‌లోని గేర్ల డబ్బా) మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. అందుకని ప్రొపెల్లర్ షాఫ్టు కొంచెం ఏటవాలుగా వస్తుంది, అది మామూలే.

ఆ పీటల కోణం మీదే బండి వణుకుతుందో లేదో ఆధారపడి ఉంటుంది. ముందు చిన్న చుక్కలుగా అతికించు, పూర్తిగా వెల్డింగ్ చేయకు. ఆక్సిల్‌ని బండి కింద పెట్టి, బండి బరువంతా స్ప్రింగుల మీద పడనిచ్చి, అప్పుడు గేర్‌బాక్సు వెనక చివర కోణం, డిఫరెన్షియల్ ముందు చివర కోణం కొలువు. వేగం పెరిగినప్పుడు డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందకి ఉంచుతారు. సరిపోయాక ఆక్సిల్ దించి, ఇటో అంగుళం అటో అంగుళం, చల్లారనిస్తూ వెల్డింగ్ చేయించు. ఒకే చోట కాల్చుకుంటూ పోతే ట్యూబు వంగుతుంది, తర్వాత బేరింగులు ఎందుకు మోగుతున్నాయో అర్థం కాక తల పట్టుకుంటావు. నీకు వెల్డింగ్ వచ్చని తెలుసు. అయినా ఈ రెండు అతుకులూ పని తెలిసిన వెల్డర్ చేత చేయించు. ఇక్కడ నాతో వాదించొద్దు.

ఆక్సిల్ ఇంకా నేల మీద ఉండగానే సీళ్లు, రోటర్లు, ప్యాడ్లు, హ్యాండ్ బ్రేకు షూలు కొత్తవి వేసెయ్. బండి కింద పడుకుని చేయడం కన్నా సుఖం. షాఫ్టు బయటకి రావాలంటే డిఫరెన్షియల్ మూత తీసి, అడ్డపిన్నుని పట్టి ఉంచే సన్న బోల్టు విప్పి, షాఫ్టుని లోపలికి నెట్టి సీ ఆకారపు క్లిప్పు తీయాలి. ఆ సన్న బోల్టు మొండిది, ఆదరాబాదరాగా తిప్పితే లోపలే విరుగుతుంది. వేడి చేసి, సరైన పానా పెట్టి మెల్లగా తిప్పు. క్యాలిపర్లు కడిగి బిగించేటప్పుడు గాలి తీసే బ్లీడర్ స్క్రూ పైవైపు ఉందో లేదో చూడు. కుడి ఎడమలు తారుమారైతే అది కిందకి వస్తుంది, ఇంక ఎంత సేపు తొక్కినా గాలి బయటకి రాదు.

ఇక నూనె లైన్ల విషయం. బ్రేకు లైన్లు నీ ఊళ్లో ఎలాగూ తుప్పు పట్టి ఉంటాయి. నికెల్-కాపర్ లైన్ వెయ్యి, వంచడం తేలిక, తుప్పు పట్టదు. చివర్లు డబుల్ ఫ్లేర్ చెయ్యి, అంటే రెండు మడతలుగా విప్పార్చు. నొక్కి బిగించే కంప్రెషన్ ఫిట్టింగులు ప్లంబింగ్‌కి, బ్రేకులకి కాదు. క్యాలిపర్‌కి గొట్టం బిగించే బ్యాంజో బోల్టులకి రాగి వాషర్లు కొత్తవే.

డ్రమ్ములో షూ, తిరిగే డ్రమ్ముతో పాటు తనంతట తాను లోపలికి బిగుసుకుంటుంది, కాబట్టి తక్కువ ఒత్తిడి చాలు. డిస్కుకి ఆ సాయం లేదు, ఎక్కువ ఒత్తిడి కావాలి. ఫ్యాక్టరీ వాల్వు వెనక్కి పోయే ఒత్తిడిని డ్రమ్ముల లెక్కలో తగ్గించి పంపుతుంది. దానివల్ల డిస్కులు వేశాక వెనక పట్టు కాస్త తక్కువ అనిపించవచ్చు. అది చూసి కొందరు ఆ వాల్వు లోపలి భాగం పీకేస్తారు. ఆ పని చేయకు. ఖాళీ పికప్‌లో ముందు చక్రాల కన్నా ముందే వెనకవి బిగుసుకుంటే బండి తిరిగిపోతుంది, వానలో అయితే స్టీరింగ్ తిప్పినా ఫలితం ఉండదు. చాలామంది రేంజర్ సొంత వాల్వుతోనే నడుపుకుంటున్నారు, నువ్వూ ముందు అలాగే చూడు. అంతగా కావాలంటే చేత్తో తిప్పే వాల్వు పెట్టు. కానీ ఫ్యాక్టరీ వాల్వు వెనకాల దాన్ని తగిలిస్తే ఒత్తిడి ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదు. దాని బదులుగా పెట్టుకోవాలి, పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, తొట్టి ఖాళీగా ఉంచి పెంచుకుంటూ పోవాలి.

పాత ట్రక్కుల్లో డ్రమ్ముల లైనులో 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దాకా ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉండేది. డిస్కుకి అది ఉంటే ప్యాడ్లు రోటర్‌ని వదలవు. నీ బండికి ఆ సమస్య ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. చక్రం పైకి లేపి, పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడు. క్యాలిపర్ పిస్టన్‌కి నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి పెడల్ కొంచెం దిగుతుంది. ఎయిర్ మొత్తం తీశాక కూడా బాగా లోతుకి పోతుంటే, పెడల్ దగ్గర నూనె నెట్టే మాస్టర్ సిలిండర్ సంగతి ఆలోచించాలి. డాట్ 3 బ్రేకు నూనె, సీల్ తీయని డబ్బా కొను, బండి రంగు మీద పడనివ్వకు.

అందరూ ఆఖరికి వదిలేసేది హ్యాండ్ బ్రేకు. నీ బండిలో అది కాలితో తొక్కేదే అనుకో, అయినా మనం అలాగే అంటాం. ఎక్స్‌ప్లోరర్ రోటర్ మధ్య గిన్నె లోపల చిన్న షూలు ఉంటాయి, ఆపి ఉంచడానికి అవే. పెద్ద డ్రమ్ము అంత పట్టు వాటికి ఉండదు, అందుకే సర్దుబాటు బాగా చేయాలి. వెనక పళ్లెంలో రబ్బరు మూత తీసి, లోపలి పళ్ల చక్రం తిప్పుతూ రోటర్ కొంచెం రాసుకునే దాకా తెచ్చి, ఆ తర్వాత ఒకటి రెండు పళ్లు వెనక్కి తిప్పు. కేబుళ్లు ఆక్సిల్‌తో పాటే జంక్‌యార్డ్ నుంచి తెచ్చుకో. రేంజర్ కేబుల్‌తో పొడవు కలవకపోతే కలుపుకోవాలి. మీ పిట్స్‌బర్గ్‌లోని బీచ్‌వ్యూ పేటలో క్యాంటన్ అవెన్యూ అనే వీధి 37 శాతం వాలు. అక్కడ ఆపాల్సిన పని నీకు లేకపోయినా, పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తావుగా, అదీ కొండ వాలే. ఆటోమేటిక్ గేరు పార్క్‌లో ఉందిలే అని హ్యాండ్ బ్రేకు వదిలేస్తే బరువంతా గేర్‌బాక్సులోని ఒక చిన్న కొక్కెం మీద వేలాడుతుంది. పెన్సిల్వేనియాలో ఏటా జరిగే ఇన్‌స్పెక్షన్‌లోనూ దాన్ని చూస్తారు. పైగా ఈ షూలు రోజూ వాడకపోతే తుప్పు పట్టి కదలవు, కాబట్టి సమ నేల మీద ఆపినా తొక్కడం అలవాటు చేసుకో.

అంతా అయ్యాక రోడ్డెక్కే ముందు ఎవరూ లేని పార్కింగ్ స్థలం చూసుకో. ప్యాడ్లని సర్దడానికి గంటకి 30 మైళ్ల నుంచి 5 దాకా మెల్లగా తగ్గించడం, మధ్యలో అర నిమిషం చల్లారనివ్వడం, ఇలా ఎనిమిది పదిసార్లు. తర్వాత తడి నేల మీద 20 మైళ్ల వేగంలో గట్టిగా తొక్కు, స్నేహితుడు పక్కన దూరంగా నిలబడి ఏ చక్రాలు ముందు ఆగాయో చూడాలి. నీ బండికి వెనక ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటే అసలు సంగతి దాని వెనకాల దాగిపోతుంది, ఆ పరీక్ష వరకు దాని ఫ్యూజ్ తీసి చూడు, అయిపోగానే పెట్టెయ్. ముందు చక్రాలే ముందు బిగుసుకోవాలి. ఇంకో దారి లేదు.

మధ్యలో ఒక సంగతి. అనంతపురంలో మీ బాబాయి తన బొలెరో పికప్‌కి కూడా ఇలా చేయించవచ్చా అని నిన్ను అడిగాడట. వద్దని చెప్పు. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చకూడదు. ఆయన బండి టమాటా లోడుతో మదనపల్లె మార్కెట్‌కి పోయేది, అమ్మేటప్పుడూ, ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కులే. ఆయనకి కావలసింది డ్రమ్ములు సరిగా సర్దే మంచి మెకానిక్.

ఎయిర్ తీసే రోజు ఫోన్ చెయ్యి, పెడల్ తొక్కే మనిషి నా మాటలు వినేలా స్పీకర్ పెట్టు. పాత ఆక్సిల్‌ని డ్రమ్ములతో సహా గ్యారేజీ మూలన ఉంచు, ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ అద్దానికి అతికాకే దాన్ని తుక్కువాడికి ఇవ్వు.

మామయ్య