సర్కారు సైబర్ సెక్యూరిటీ కొలువుకు గేట్ దారి: మేనకోడలికి ఉత్తరం

తిరుపతి

చిరంజీవి పాపకు, మామ ఆశీస్సులు.

సైబర్ సెక్యూరిటీ చదువుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సైబర్‌కార్ప్స్ స్కాలర్‌షిప్ మీద నీకు మనసు పడిందని మీ అమ్మ చెప్పింది. దాని సంగతి ముందే తేల్చేస్తా. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద పోయేవాళ్లకు రాదు. ఎన్నేళ్లు చదివిస్తే అన్నేళ్లు ప్రభుత్వంలో పని చేయాలి, చేయకపోతే ఆ సొమ్ము అప్పయి మెడకు చుట్టుకుంటుంది. దాన్ని నమ్ముకుని కాలం పోగొట్టుకోవద్దు.

మనకున్న దారి గేట్, అంటే ఎంటెక్ సీట్ల కోసం దేశమంతా రాసే పరీక్ష. అందులో క్వాలిఫై అయి, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) గుర్తింపున్న కాలేజీలో రెగ్యులర్ ఎంటెక్ చేరితే నెలకు ₹12,400 చొప్పున 24 నెలలు ఇస్తారు. బాండ్ లేదు, ఉద్యోగం ఇస్తామన్న హామీ కూడా లేదు. రాష్ట్రం పెట్టే పీజీఈసెట్ ర్యాంకుతో చేరినవాళ్లకు ఈ స్టైపెండ్ రాదు. మన ఏర్పేడు ఐఐటీలాంటి చోట ఈ స్టైపెండుకు ప్రతిగా వారానికి 8 గంటలు ల్యాబుల్లో, పేపర్లు దిద్దడంలో సాయం చేయిస్తారు.

బీటెక్ మూడో ఏడు నుంచే గేట్ రాయొచ్చు, కాబట్టి ఈసారే రాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దరఖాస్తులు ఆగస్టు చివరి నుంచి మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. సైబర్ సెక్యూరిటీకి వేరే పేపర్ లేదు, కంప్యూటర్ సైన్సే రాయాలి. దాన్ని అడ్డంకి అనుకోకు. బఫర్ ఓవర్‌ఫ్లో దాడి (మెమరీలో కేటాయించిన చోటుకు మించి డేటా నింపడం) అర్థం కావాలంటే స్టాక్ అనే మెమరీ భాగంలో రిటర్న్ అడ్రస్, అంటే ఫంక్షన్ అయ్యాక ప్రోగ్రామ్ తిరిగి వెళ్లాల్సిన చోటు, ఎక్కడ కూర్చుంటుందో, దాని కింది అర్రే హద్దు దాటితే ఏమవుతుందో తెలియాలి. అదంతా సీ భాషలోని పాయింటర్లూ ఆపరేటింగ్ సిస్టమ్సే. నెట్‌వర్క్స్ సంగతీ అంతే. ఎథికల్ హ్యాకింగ్ అని వేలకు వేలు గుంజే కోర్సుల కంటే ఈ మూడే నిన్ను నిలబెడతాయి. ఇంకొకటి, ఒక మార్కు ఆబ్జెక్టివ్ ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు పోతాయి. సంఖ్య టైప్ చేసే ప్రశ్నలకు కోత లేదు, వాటిలో ఒక్కటీ ఖాళీగా వదలొద్దు.

సీటొచ్చాక స్టైపెండ్ చిక్కుపడేది కాగితాల దగ్గర. మన ఇళ్లలో టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే, బ్యాంకులో అదీ పేరు చివరికి పోయి ఉంటుంది. మనిషి ఒక్కరే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు. ఆధార్‌ను మెమో ప్రకారం మార్పించి, ఆ తర్వాతే బ్యాంకులో సరిచేయించు. ఖాతా మామూలు సేవింగ్స్‌ది, నీ ఒక్కదాని పేరు మీద ఉండాలి. జన్‌ధన్ ఖాతా, అమ్మతో కలిపి ఉన్న జాయింటు ఖాతా పనికిరావు. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌కు సొమ్ము పంపితే ఈ ఖాతాకే చేరేలా కలపడం) అయిందా అని గట్టిగా అడుగు. ఓబీసీ కోటా అయితే రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ చెల్లదు. కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అదీ ఏడాది లోపుది కావాలి. సచివాలయంలో అర్జీ పెట్టి తహసీల్దారు సంతకం దాకా వెంటపడాలి, కౌన్సెలింగ్ వారంలో పరిగెత్తితే అందదు.

ఐఐటీలకు విడివిడిగా అప్లై చేసినా, సీటు ఆఫర్లు ఐఐటీలన్నిటికీ ఉమ్మడిదైన కోఆప్ పోర్టల్లోనే వస్తాయి. అక్కడ రిజిస్టర్ కాకపోతే ఆఫర్ కంటికి కనబడదు. ఎన్ఐటీలకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంటుంది.

చదువయ్యాక సెర్ట్-ఇన్ (సైబర్ దాడులను చూసే కేంద్ర సంస్థ), ఎన్ఐసీ, సీడాక్ (ప్రభుత్వ కంప్యూటర్ సంస్థలు), డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. వీటిలో మొదటి మెట్టు శాస్త్రవేత్త ఉద్యోగమైన సైంటిస్ట్-బి పోస్టుకు మూల వేతనం ₹56,100తో మొదలవుతుంది. డీఆర్‌డీఓ గేట్ స్కోరు చూస్తుంది, కాబట్టి ఆ మూడేళ్ల గడువు గుర్తుంచుకో.

సరదాకైనా ఎవరి వెబ్‌సైటులోనూ అనుమతి లేకుండా దూరొద్దు, కాలేజీ సర్వర్ అయినా సరే. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. కేసు పడితే సర్కారు కొలువుకు ముందు జరిగే పోలీసు విచారణలో అది బయటికొస్తుంది. ప్రయోగాలన్నీ నీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ల (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) మీదే చెయ్యి.

ఈ ఆదివారం మెమో, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూడు. తేడా ఉంటే ఫొటోలు పంపు, ఏది ముందు మార్చాలో చెబుతా.

మీ మామ