అమ్మాయీ, ఇంకో టెస్టు రాయించుకునే ముందు ఒక నోటుబుక్కు కొను

అమ్మాయీ,

నువ్వు పంపిన రిపోర్టులన్నీ కూర్చుని చూశాను. షుగర్ లేదు, థైరాయిడ్ బాగానే ఉందన్నారు, స్కానింగ్‌లో ఏమీ కనపళ్ళేదు. అయినా ఆదివారం వచ్చేసరికి తల పగిలిపోతోంది, రాత్రి పడుకుంటే పొడిదగ్గు, మధ్యాహ్నం మూడింటికల్లా ఒంట్లో ఓపిక ఉండట్లేదు, దువ్వెన పెడితే జుట్టు ఊడొస్తోంది. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారని రాశావు. ఇంత అవస్థ పడుతుంటే ఏమీ లేదని నేను అనను.

కొత్తపేటలో మందుల షాపు కౌంటర్ వెనకాల నిలబడి ఇన్నేళ్లుగా నేను గమనించిన సంగతి ఒకటుంది. ఏం తింటున్నావంటే ఎవరైనా ఇడ్లీ, అన్నం, పప్పు, పెరుగు అనే చెప్తారు. మధ్యలో తాగిన టీలు, కాఫీలు చెప్పరు, నోట్లో వేసుకున్న తలనొప్పి మాత్ర చెప్పరు, కడుపు ఉబ్బరమని నీళ్లలో కలుపుకున్న పొడి చెప్పరు, రాత్రి ఎన్నింటికి తిన్నారో అసలే చెప్పరు. మనం తిండి కింద లెక్కపెట్టని ఇలాంటివే అంతు తెలియని బాధలు చాలా తెచ్చిపెడతాయి. డాక్టరు గారికున్న ఐదు నిమిషాల్లో ఇవన్నీ అడగడం కుదరదు, నువ్వే చెప్పాలి.

నీ ఆదివారం తలనొప్పి సంగతే తీసుకో. బెంజ్ సర్కిల్ ఆఫీసులో మిషన్ దగ్గర రోజంతా కాఫీలు తాగుతావు, మొదటిది పొద్దున తొమ్మిదిన్నరకే. ఆదివారం లేచేదే పదింటికి, ఇంట్లో ఒక్క కప్పు, అదీ పల్చగా. రోజూ కాఫీ అలవాటైన ఒంటికి అది అందకపోతే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లోపు తలనొప్పి మొదలవుతుంది, చిరాకు, మగతా కూడా వస్తాయి. పైగా షాపుల్లో దొరికే తలనొప్పి మాత్రల్లో కొన్నిటిలో కాఫీలో ఉండే కెఫీనే కూడా ఉంటుంది, అందుకే వేసుకోగానే "భలే పనిచేసింది" అనిపిస్తుంది. అలా అలవాటై నెలలో సగం రోజులు నొప్పి మాత్రలు మింగుతూ పోతే, ఆ మాత్రల వల్లే తలనొప్పి రోజూ వచ్చే స్థితికి చేరతారు. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో మంట, ఆ మంటకి పొద్దున్నే గ్యాస్ మాత్ర, ఆ గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి ఆపకుండా వాడితే బీ12 అనే విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది, దాంతో నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు. నా కళ్లముందు ఎంతమంది ఇలా ఒక స్ట్రిప్ నుంచి ఇంకో స్ట్రిప్‌కి వెళ్లారో! మొదటి మాత్ర దగ్గర ఆగి, కాఫీ ఎన్నిసార్లు తాగుతున్నానని చూసుకున్నవాళ్లు బాగుపడ్డారు.

కాఫీ ఒక్కసారిగా మానెయ్యకు, తలనొప్పి ఇంకా పెరుగుతుంది. మూడు నాలుగు రోజులకొక కప్పు తగ్గించుకుంటూ రా, ఆదివారం కూడా మొదటి కప్పు మామూలు టైముకే తాగు. సాయంత్రం నాలుగు దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, మరి పదకొండింటికి నిద్ర ఎలా పడుతుంది?

ఇక నీరసం, జుట్టు. నువ్వు టిఫిన్‌తో పాటు టీ తాగుతావు, భోజనం అవగానే మళ్లీ టీ. టీలో, కాఫీలో ఉండే టానిన్ల లాంటివి ఆకుకూర, పప్పుల్లోని ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని రాశారు. అదే కూరలో నిమ్మకాయ పిండుకున్నా, తిన్నాక ఒక జామకాయ తిన్నా ఐరన్ బాగా పడుతుంది, అందులోని సీ విటమిన్ వల్ల. మీ అమ్మ తోటకూర వండి పెడుతూనే ఉంది, నువ్వు దాని మీద టీ పోస్తున్నావు. నీ రిపోర్టులో హిమోగ్లోబిన్ సరిపోయింది కానీ ఫెరిటిన్, అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఎంతో చెప్పే టెస్టు, అసలు చేయించలేదు. హిమోగ్లోబిన్ పడిపోవడానికి ముందే నిల్వ ఐరన్ తగ్గిపోతుంది, నీరసం, జుట్టు ఊడడం అప్పుడే మొదలవొచ్చు. ఇంకొకటి, సిగ్గుపడకుండా చెప్పు, పచ్చి బియ్యం గానీ బలపాలు గానీ నములుతున్నావా? చాలామంది ఆడపిల్లలు దాచిపెట్టే అలవాటిది. ఐరన్ తక్కువైనవాళ్లకి అలా తినాలనిపిస్తుంది, అదేం చెడ్డ గుణం కాదు, డాక్టరుకి చెప్పాల్సిన లక్షణం.

నువ్వు గుడ్డు కూడా మానేశావు కాబట్టి బీ12 కూడా చూపించుకో. పప్పుల్లో, కూరగాయల్లో అది ఉండదు, పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. పెరుగు కొంచెమే వేసుకునే శాకాహారికి అది తగ్గిపోవడం మామూలే.

రాత్రి దగ్గుకి సిరప్‌లు మార్చడం ఆపు. ఆరింటికి ఆఫీసు బయట పునుగులు, పదిన్నరకి ఇల్లు చేరి అన్నం, పదకొండుకి మంచం. కడుపు నిండా తిని పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి, గుండెల్లో మంట లేకుండా ఉత్త దగ్గు, పొద్దున గొంతు బొంగురు మాత్రమే ఉన్నవాళ్లూ ఉంటారు. తిన్నాక రెండు మూడు గంటల తర్వాతే నడుం వాల్చు. డబ్బా తీసుకెళ్లి ఏడున్నరకి ఆఫీసులోనే తినెయ్, ఇంటికొచ్చాక ఒక గ్లాసు మజ్జిగ చాలు.

మన గుంటూరు వాళ్లకి కడుపులో ఏమొచ్చినా మిర్చిని తిట్టడం అలవాటు. మిరపకాయ మంటని పెంచుతుంది, నిజమే, కానీ అల్సర్లకి అసలు కారణాలు ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, అదే పనిగా మింగే నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియాని తనే తాగి, దానివల్ల కడుపు చెడుతుందని చూపించాడు, 2005లో ఆయనకీ, ఆయనతో పనిచేసిన రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. కాబట్టి కారం మానేసి చప్పిడి తిండి తిన్నా మంట తగ్గకపోతే ఆ బాక్టీరియా ఉందేమో చూసే టెస్టు అడుగు, ఊరికే ఏళ్లకేళ్లు చప్పిడి తినకు.

ఇంట్లో వాళ్ల సంగతీ చూడు. మీ అమ్మ థైరాయిడ్ మాత్రని కాఫీతో మింగి, వెంటనే కాల్షియం మాత్ర కూడా వేసుకుంటోంది, డోసు ఎన్నిసార్లు పెంచినా థైరాయిడ్ టెస్టులో చూసే టీఎస్‌హెచ్ దిగకపోవడానికి అది చాలు. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో, కాఫీకి అరగంట నుంచి గంట ముందు, కాల్షియం, ఐరన్ మాత్రలు నాలుగు గంటల తర్వాత. అలా చేశాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ టెస్టు చేయించమను. మీ నాన్నగారి బీపీకి అప్పడాలు, ఊరమిరపకాయలు, ఆవకాయతో పాటు రోజూ తాగే ఆ నురుగొచ్చే గ్యాస్ పొడి కూడా కారణం కావొచ్చు, అందులో ఉప్పులో ఉండే సోడియమే ఉంటుంది. రోజుకి అన్నిట్లో కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు.

ఇప్పుడు నోటుబుక్కు. రెండు వారాల పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ, టైముతో సహా, మాత్రలు, బిస్కెట్లు, చూయింగ్ గమ్‌తో సహా రాయి. పక్క పేజీలో ఏ బాధ ఎన్నింటికి వచ్చిందో రాయి. తర్వాత ఒక్కటే మార్చు, పది పదిహేను రోజులు చూడు, అప్పుడు రెండోది. పాలు, గోధుమ, కారం, కాఫీ అన్నీ ఒకేసారి మానేస్తే తగ్గినా ఏది తగ్గించిందో తెలీదు. గోధుమ మీద అనుమానం ఉంటే మానకముందే సీలియాక్ (గోధుమ పడని జబ్బు) టెస్టు చేయించాలి, మానేశాక చేస్తే సరిగ్గా తేలదు. వేలు పోసి వంద రకాల తిండిలో ఏది పడదో రక్తంలో చూసి చెప్పే ఐజీజీ టెస్టుల ప్యాకేజీ ఉందంటారు, దాంతో ఏదీ తేలదు, డబ్బు పెట్టకు.

ఉన్నట్టుండి బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా, రక్తం పడినా, మింగుడు పడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా మాత్రం పుస్తకం గిస్తకం వద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు.

జుట్టుకని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కూడా పుస్తకంలో రాయి. అవి ఎక్కువ డోసులో వాడుతుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావొచ్చు, బాగానే ఉందన్న నీ రిపోర్టు కూడా అలా వచ్చిందేమో తెలీదు. డాక్టరు గారికి చెప్పి, కనీసం రెండు రోజుల ముందు ఆపేసి, ఫెరిటిన్, బీ12తో పాటు అది కూడా మళ్లీ చేయించు, రిపోర్టు రాగానే నాకు పంపు.

మీ మావయ్య