అర్ధరాత్రి గోల్ఫ్

ప్రశ్న: స్వీడన్‌లో ఉన్న మా అబ్బాయి జూన్‌లో రమ్మంటున్నాడు, రాత్రంతా గోల్ఫ్ ఆడదామంటున్నాడు. చీకట్లో బంతి కనిపిస్తుందా అండీ?

జవాబు: తప్పకుండా వెళ్లండి, అసలు చీకటి పడితే కదా! నేను ఆడింది స్వీడన్ సరిహద్దులో ఉన్న ఫిన్లాండ్ ఊరు తోర్నియోలో. నడివేసవిలో సూర్యుడు అస్తమించని ప్రాంతం మొదలయ్యే ఆర్కిటిక్ వలయానికి కాస్త కిందే ఉన్నా జూన్ నెలాఖరులో అక్కడ రాత్రంతా వెలుగే. ఆ 18 హోల్స్ గోల్ఫ్ మైదానం ఫిన్లాండ్, స్వీడన్ రెండింట్లోనూ ఉంది. ఫిన్లాండ్ టైము గంట ముందు కాబట్టి, అక్కడ కొట్టిన బంతి స్వీడన్‌లో గంట వెనక్కి పడుతుంది! అర్ధరాత్రి నా నీడ తాటిచెట్టంత సాగింది. తడిగడ్డి మీద బంతి దొర్లిన చోటల్లా సన్నటి చార. సూర్యుడు ఉత్తరాన నేలబారుగా ఉంటాడు, అటు కొట్టేటప్పుడు కళ్లు చెదురుతాయి, టోపీ పెట్టుకోండి. స్వెట్టర్, దోమల మందు మరవొద్దు. గదికి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో ముందే అడగండి, నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు.