కుందేళ్లకు, గినీపిగ్‌లకు ఎలాంటి నీటి సీసా మంచిది?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గరి పల్లె. రెండు జతలతో మొదలుపెట్టిన న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు ఇప్పుడు 14 అయ్యాయి. పిల్లల ముచ్చట కోసం రెండు గినీపిగ్‌లను కూడా పెంచుతున్నాం. మూకుళ్లలో నీళ్లు పెడితే బోర్లా తోసేస్తున్నాయి. గొట్టం ఉన్న సీసాలు తలకిందులుగా తగిలిస్తే మధ్యాహ్నానికి నీరు కారిపోయి బోను తడిసిపోతోంది. ఒక సీసాలో మాత్రం నీరు తగ్గడమే లేదు. ఎలాంటి సీసాలు కొనాలి?
– ఒక రైతు

జవాబు: కారుతున్న సీసాల కంటే నీరు తగ్గని ఆ ఒక్క సీసాయే ఎక్కువ ప్రమాదకరం కాబట్టి, ముందుగా దాని గొట్టం చివరనున్న స్టీలు గుండును వేలితో పైకి నొక్కి చూడండి. నొక్కిన ప్రతిసారీ వేలు తడిసి, సీసాలో గాలిబుడగ పైకి లేస్తే అది పనిచేస్తున్నట్టే. గుండు బిగుసుకుపోయిందంటే, చాలాసార్లు బోరునీటిలోని సున్నం తెల్లటి పొరగా లోపల పట్టేసి ఉంటుంది. మేత ముట్టడం లేదంటూ మా దగ్గరకు తెచ్చే కుందేళ్లలో కొన్నింటికి వేరే జబ్బేమీ ఉండదు. నీరందక దాణా మానేసి ఉంటాయి, పెంటికలు చిన్నవిగా, గట్టిగా పడుతుంటాయి. సీసా నిండుగా కనిపిస్తుంది కాబట్టి యజమానికి అనుమానం రాదు.

ఇక కారడం సంగతి. గోలీ సోడాలో గ్యాసు ఒత్తిడికి గోలీ పైకి వచ్చి మూతిని మూసినట్టే, ఇక్కడ గుండు తన బరువుతో కిందికి జారి గొట్టం మూతిని మూస్తుంది. అయితే నీటిని నిజంగా నిలిపి ఉంచేది సీసా పైభాగంలో చిక్కుకున్న గాలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువగా ఉండటమే. సగం ఖాళీ అయిన సీసా రేకుల షెడ్డులో మధ్యాహ్నపు వేడికి గురైతే లోపలి గాలి వ్యాకోచించి నీటిని బయటకు నెట్టేస్తుంది. అందుకే సీసాను ఉదయం, మధ్యాహ్నం అంచుల దాకా నింపి, ఎండ తగలని వైపు తగిలించండి. మూతలోని రబ్బరు వాషరు అరిగినా, గొట్టం చివర గడ్డికి తగులుతున్నా కారుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు రంగులు, బొమ్మలు చూడకండి. గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుదై, చేతి బ్రష్షు దూరేంత వెడల్పు మూతి ఉన్న సీసా అయితే చాలు. ప్లాస్టిక్ సీసాను బోను బయటే కట్టి, గొట్టం మాత్రమే లోపలికి వచ్చేలా చూడాలి, లేకపోతే కొరికేస్తాయి. గొట్టం చివర నోటికంటే కాస్త పైన, తల కొద్దిగా ఎత్తి తాగేలా ఉండాలి. పరిమాణం విషయానికొస్తే, కుందేలు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 150 మిల్లీలీటర్లు తాగుతుంది కాబట్టి పెద్ద కుందేలుకు అర లీటరుకు తగ్గని సీసా కావాలి. పాలిచ్చే తల్లికి లీటరు కూడా చాలకపోవచ్చు. గినీపిగ్‌కు కిలో బరువుకు సుమారు 100 మిల్లీలీటర్లు లెక్క వేసుకోండి. తెల్ల ఎలుకలు, హామ్‌స్టర్లు పెంచేవారికి చిన్న సీసా సరిపోతుంది.

గినీపిగ్‌కు ఒక చెడ్డ అలవాటుంది: నోట్లో నమిలిన మేతను గొట్టంలోకి ఊదేస్తుంది. దానికి కాస్త లావు గొట్టం తీసుకుని రోజూ కడగాలి. విటమిన్ సి చుక్కలు నీటిలో కలపమని కొందరు చెబుతారు కానీ, వెలుతురుకు ఆ విటమిన్ త్వరగా చెడిపోతుంది, రుచి మారితే నీరు తాగడమే మానేయవచ్చు. దాని బదులు రోజూ కొంచెం కొత్తిమీర, ఒక జామకాయ ముక్క పెట్టండి.

కుందేళ్లకు సీసా ఒక్కటే చాలునని మాత్రం నేను చెప్పను. అవి తలవంచి తాగే జంతువులు, వెడల్పు పాత్రలోంచే ఎక్కువ నీరు తాగుతాయి, పైగా వాటికి చెమట పట్టదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో 30 డిగ్రీలు దాటితే చాలు, అవి ఇబ్బంది పడతాయి కనుక, ఆ రోజుల్లో సీసాతో పాటు అడుగు వెడల్పుగా, బరువుగా ఉన్న చిన్న సిమెంటు కుండీని బోను మూలకు తీగతో కట్టి ఉంచండి. కుండీ నిండా నీరు పోస్తే మెడ కింది తోలు తడిసి పుండ్లు పడతాయి, సగానికే పోయండి. తడిసిన నేలపై కాక్సిడియోసిస్ (సూక్ష్మ పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బు) త్వరగా వ్యాపిస్తుంది కాబట్టి బోను కింద తడి నిలవనీయకండి.

సున్నం పట్టిన గొట్టాన్ని వెనిగర్‌లో గానీ నిమ్మరసం కలిపిన నీటిలో గానీ రాత్రంతా నానబెట్టి, ఉదయం బాగా కడిగి వాడండి. సీసాలో పచ్చటి పాచి కనిపిస్తే బ్రష్షుతో తోమి, సీసా చుట్టూ పాత గుడ్డ చుట్టండి. వెలుతురు తగలకపోతే పాచి అంత త్వరగా పట్టదు.

కొత్త సీసా పెట్టిన రోజే మూకుడు తీసేయవద్దు. సీసాపై పెన్నుతో నీటిమట్టం గీత గీసి, నాలుగైదు రోజులపాటు సాయంత్రం చూస్తూ, ప్రతి బోనులోనూ నీరు నిజంగా తగ్గుతోందని తేలాకే మూకుడు తీయండి. తల్లి దగ్గరున్న పిల్లలు మూడు వారాలకు గూటి నుంచి బయటికి వచ్చి నీరు వెతుక్కుంటాయి, వాటి కోసం అదే బోనుకు ఇంకో సీసాను వాటి ఎత్తుకు తగ్గట్టు కింద కట్టండి.