అలాయ్ వీల్స్ పాడుచేసి, పైగా డబ్బిస్తేనే ఇస్తానంటున్నాడు, కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: నా పాత కారు ఒరిజినల్ అలాయ్ వీల్స్ నాలుగూ పెయింట్ ఊడదీసి పాలిష్ చేసి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అతికించే పూత) వెయ్యమని ఒక షాపువాడికి ఇచ్చాను, సగం డబ్బు ముందే కట్టాను. రెండు వచ్చాయి, ఒకటి గుంటలు గుంటలుగా ఉంది, ఇంకోదాని అంచు లేత్ మీద పెట్టి బాగా పల్చగా చేసేశాడు. అడిగితే పాత వీల్స్ అంతే అంటున్నాడు. మిగతా డబ్బు ఇస్తేనే తన దగ్గరున్న మిగతా రెండూ ఇస్తాడట. బిల్లు మీద "డ్యామేజీకి మా బాధ్యత లేదు" అని అచ్చేసి ఉంది. నాకు దారి ఉందా?

జవాబు: ఉందండి. కానీ ముందు ఒకటి, కోపంతో చేతికొచ్చిన రెండూ పట్టుకెళ్లి వేరే షాపులో సరిచేయించేస్తారేమో, అది మాత్రం చెయ్యకండి. సాక్ష్యం మొత్తం ఆ వీల్ మీదే ఉంది, మళ్లీ పాలిష్ పడిందంటే ఇక మీ మాట, అతని మాట తప్ప ఏం మిగలదు. కారుకి బిగించి తిప్పొద్దు కూడా, అంచు పల్చబడితే ప్రమాదం, పైగా నువ్వు నడిపాకే పాడైంది అంటాడు.

వస్తువు పని కోసం ఒకరి చేతికి ఇస్తే 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 151 ప్రకారం అతను దాన్ని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలి. ఇక్కడ అసలు ప్రశ్న పెయింట్ దేంతో తీశాడు అని. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, మెగ్నీషియానికి యాసిడ్ పడదు, 1960లలో మినీలైట్ లాంటి వీల్స్ మెగ్నీషియంతోనే వచ్చేవి. ఈ పని చేసేవాడు ఇది ఏ లోహం అని అడగకుండా కెమికల్‌లో ముంచేశాడంటే అది అజాగ్రత్తే, "పాత వీల్స్" అన్న సాకు నిలబడటం కష్టం. వీల్స్ గురించి తెలిసిన ఇంజనీర్‌తో చూపించి అంచు మందం కొలిపించి, గుంటలు కెమికల్ వల్ల వచ్చాయా పాత తుప్పా అని రాతపూర్వకంగా రిపోర్ట్ తీసుకోండి. ఇచ్చే ముందు తీసిన ఫోటోలు, వాట్సాప్‌లో ఏ ఫినిష్ కావాలన్నారో ఆ మెసేజ్‌లు, అన్నీ దాచుకోండి, ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక వీల్స్ ఆపుకోవడం. అదే చట్టం సెక్షన్ 170 కింద చేసిన పనికి రావాల్సిన డబ్బు ఇచ్చేదాకా ఆ వస్తువు ఉంచుకునే హక్కు అతనికి ఉంది, కాదనను. కానీ అది ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేస్తేనే, పైగా ఉంచుకోవడం వరకే, అమ్ముకోవడానికి కాదు. చెడగొట్టినదానికి హక్కు ఎక్కడిదని మీరు వాదించొచ్చు, గెలవొచ్చు కూడా, కానీ ఈలోగా అతని దగ్గరున్న ఆ రెండు వీల్స్ ఏమవుతాయో? నా మాట వింటే బ్యాంక్ ద్వారా డబ్బు కట్టి, "అభ్యంతరంతో కడుతున్నాను, నష్టపరిహారం హక్కు వదులుకోవట్లేదు" అని మెసేజ్ పెట్టి, అవి తెచ్చేసుకోండి. పని బాగుంది అని మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

బిల్లు మీద అచ్చు గురించి భయం అక్కర్లేదు. లాండ్రీ రసీదు మీద, బట్ట పోతే సగం ధరే ఇస్తామని అచ్చేసుకున్న షరతు చెల్లదని మద్రాస్ హైకోర్టు 1960లలోనే లిల్లీ వైట్ కేసులో చెప్పింది.

ముందు లాయర్ నోటీసు, జవాబు రాకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద సేవా లోపం అని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. ఫీజుకి అక్కడ చూసేది వీల్స్ విలువ కాదు, మీరు పని కోసం కట్టిన డబ్బు, అది 5 లక్షల లోపైతే ఫీజే లేదు. మీరు ఉండే ఊళ్లోనే వెయ్యొచ్చు, వినియోగదారుల ఫిర్యాదులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా. గడువు 2 ఏళ్లు. కారు అద్దెకి తిప్పుతుంటే మాత్రం వ్యాపార అవసరం కాబట్టి మీరు వినియోగదారుడే కాదు అని అవతలివాళ్లు అడ్డం తగులుతారు, అలాంటిదేమైనా ఉంటే ఫిర్యాదు రాయించే ముందే మీ లాయర్‌కి చెప్పేయండి.